‘ఒక్కసారి కిందికి దిగి మాట్లాడి పంపెయ్యమ్మా’ అన్నాను

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బెంగళూరు మారతహళ్లిలో 11 ఏళ్లుగా ఆడపిల్లల పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్నాను. మాది నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర పల్లెటూరు. పీజీలో 42 మంది పిల్లలుంటారు, ముప్పావు వంతు మన తెలుగువాళ్లే. పొద్దున ఇడ్లీ వాయి దిగేలోగా పేపర్ తిరగేయడం నాకు అలవాటు. అలా చదువుతూ ఒక మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాను. ‘ప్రేమోన్మాది’. ‘ప్రేమోన్మాది ఘాతుకం’, ‘ప్రేమోన్మాదికి యువతి బలి’. మీ ఒక్కరి పత్రికే కాదు, అన్ని పేపర్లూ టీవీలూ అదే మాట వాడుతున్నాయి. దయచేసి ఆ మాట మానేయండి అని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా గేటు దగ్గర జరిగింది చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

మా మూడో అంతస్తులో ఒక అమ్మాయి ఉండేది. ప్రకాశం జిల్లా వైపు పిల్ల. వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. ఇంజినీరింగ్‌లో తనతో చదివిన అబ్బాయితో మూడేళ్లు ప్రేమ నడిచింది. అతనిదీ ఇక్కడే, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. ఎవరితో ఫోన్ మాట్లాడినా లెక్క చెప్పాలి. జీతం పడిన మెసేజ్ చూపించాలి. ఆఫీసు ఫోటోలో పక్కన నిలబడ్డవాడెవడో చెప్పాలి. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు ప్రశాంతంగా ఉన్నాక, ఇంక చాలనుకుని తెంచేసుకుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూతరేకుల డబ్బా. ‘ఆంటీ, నేను తనకి కాబోయేవాణ్ని. చిన్న గొడవైంది, ఫోన్ ఎత్తడం లేదు’ అని చెబుతూ చెబుతూనే ఏడ్చేశాడు. వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. నాకూ ఆ వయసు కొడుకున్నాడయ్యా. మగపిల్లవాడు గేటు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే మనసు కరిగిపోయింది. ఉందా అని అడిగితే ఉంది అన్నాను, ఏ రూమ్ అంటే రూమ్ నంబరూ చెప్పాను. పైకి వెళ్లేసరికి ఆ అమ్మాయి తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటోంది. ‘పాపం ఏడుస్తున్నాడు. ఒక్కసారి కిందికి దిగి మాట్లాడి పంపెయ్యమ్మా, నలుగురూ చూస్తున్నారు’ అన్నాను.

తుడుచుకోవడం ఆపి నా మొహంలోకి చూసింది. ‘మీరు చెప్పారని వెళ్తున్నా ఆంటీ’ అంది.

ఆ తర్వాత జరిగింది కెమెరాలో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. మొత్తం 9 నిమిషాలు. మొదటి నాలుగైదు నిమిషాలు అతను చేతులు జోడించే ఉన్నాడు. ఆ అమ్మాయి గేటుకు అడుగు దూరంలో నిలబడి తల అడ్డంగా ఊపుతోంది. తర్వాత ఫోన్ లాక్కున్నాడు. అన్‌లాక్ చెయ్యమన్నాడు. చెయ్యనంటే నేలకేసి కొట్టాడు. ఆ పిల్ల లోపలికి తిరగబోతే మణికట్టు పట్టుకుని బండి వైపు ఈడ్చాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు ఊడి రోడ్డు మీద పడింది. ఎదురుగా ఇస్త్రీ బండి ఆయన కన్నడంలో ‘ఏయ్, బిడో ఆ హుడుగీన’ (ఆ అమ్మాయిని వదలరా) అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. నేను గేటు లోపల నిలబడే ఉన్నాను. కాళ్లు కదల్లేదు.

రాత్రి ఐసుముక్కలు గుడ్డలో కట్టి ఆ చేతికి అద్దుతుంటే చూశాను. నాలుగు వేళ్లూ ఒక వైపు, బొటనవేలు ఇంకో వైపు, అచ్చు గుద్దినట్టు నీలంగా కమిలిపోయి ఉన్నాయి. వాచీ బకిల్ గుచ్చుకున్న చోట చర్మం లేచిపోయింది. అది చూశాక ‘పాపం ఏడుస్తున్నాడు’ అన్న నా మాట నాకే గుర్తొచ్చి ముద్ద గొంతు దిగలేదు. వంటింటి గట్టు మీద పూతరేకుల డబ్బా అలాగే ఉంది.

ఆ రోజు ఆ అబ్బాయికి నేనే ఒక దారి చూపించాను. ఫోన్ ఎత్తకపోతే గేటు దగ్గరికి రావాలి, ఆంటీ ముందు ఏడవాలి, అప్పుడు ఆ పిల్ల దిగి వస్తుంది. నలభై సార్లు ఫోన్ చేసినా ఎత్తనిది, నలభై ఒకటోసారి ఎత్తి తిట్టినా సరే, వాడికి అర్థమయ్యేది ఒక్కటే: నలభై ఒక్కసార్లు చేస్తే పలుకుతుంది. ‘చివరిసారి’ అనే మాట అందుకే ప్రమాదం. ఆ చివరిసారికి చివర ఉండదు. పెద్దవాళ్లం మనం మధ్యలో దూరి ‘కూర్చుని మాట్లాడుకోండి’ అంటాం. కూర్చోబెట్టి మాట్లాడించడం భార్యాభర్తల చిన్న తగాదాలకు పనికొస్తుందేమో. వద్దన్నా వెంటపడేవాడి దగ్గరికి ఆడపిల్లని పంపడం రాజీ కాదు.

మర్నాటి నుంచి అతను ఇంకో రకంగా మొదలుపెట్టాడు. ఫోన్, వాట్సాప్, ఇన్‌స్టా అన్నింట్లో ఆ అమ్మాయి బ్లాక్ చేసింది. అప్పుడు యూపీఐలో ఒక్క రూపాయి పంపి కింద ‘మాట్లాడు’ అని రాశాడు. మళ్లీ రూపాయి, ‘ప్లీజ్’. మళ్లీ రూపాయి, ‘నీ అంతు చూస్తా’. ఒక్క రోజులో 23 రూపాయలు వచ్చాయి. భోజనాల దగ్గర కూర్చుని ఉంటే ఫోన్ టింగుమనేది, ఆ పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. డబ్బులు పంపే యాప్‌లో కూడా మనిషిని బ్లాక్ చేయొచ్చని మాకు ఎవరో చెప్పేదాకా తెలియదు. బ్లాక్ చేసే ముందు తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాం. తర్వాత అవే పనికొచ్చాయి.

అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తే అక్కడ వాడు ఉండేవాడు. కూరగాయల కొట్టు దగ్గర, పళ్ల డాక్టర్ దగ్గర. ఊరెళ్లడానికి రాత్రి బస్సు బుక్ చేసుకుంటే కళామందిర్ స్టాప్‌లో ముందే వచ్చి కూర్చున్నాడు. నేను మా వాచ్‌మన్‌ను అనుమానించాను, పనిమనిషిని అనుమానించాను. పాపం వాళ్లకేం తెలియదు. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. మా దగ్గరే ఉండే ఇంకో అమ్మాయి, సైబర్ సెక్యూరిటీలో పనిచేస్తుంది, ఒక రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటే బయటికి లాగింది. ఆ పిల్ల గూగుల్ అకౌంటు వాడి ల్యాప్‌టాప్‌లో ఇంకా తెరిచే ఉంది. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎప్పుడో ప్రేమగా ఉన్న రోజుల్లో ఆన్ చేసింది ఆపనేలేదు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ అని ఉంటుంది, అందులో తనది కాని కంప్యూటర్ ఒకటి కనిపించింది. బస్సు టికెట్ల యాప్‌లో అకౌంటు ఉన్నదే వాడి నంబరు మీద. టికెట్ ఈ పిల్ల కొంటే మెసేజ్ వాడికి పోయింది.

కాబట్టి విడిపోయిన ప్రతి అమ్మాయీ ముందు చేయాల్సింది, నమ్మకమైనవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఫోన్ మొత్తం వెతకడం. పాస్‌వర్డులు మార్చేటప్పుడు వాడు ముట్టుకోని వేరే ఫోన్ నుంచి మార్చాలి. హ్యాండ్‌బ్యాగు, స్కూటీ సీటు కింద కూడా చూడాలి. నాణెం కంటే కాస్త పెద్దగా ఉండే ఎయిర్‌ట్యాగ్ లాంటివి పెడుతున్నారు. తెలియని ట్యాగ్ మనతోపాటు కదులుతుంటే ఐఫోన్ హెచ్చరిస్తుంది, 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ సౌకర్యం వచ్చింది. ఆ హెచ్చరిక వస్తే కొట్టి పారేయకుండా పోలీసులకు చూపించాలి.

నంబరు మార్చెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. ఆ సైబర్ అమ్మాయి మాత్రం పాత సిమ్ తీసెయ్యొద్దంది. కొత్త నంబరు అమ్మానాన్నలకీ ఆఫీసుకీ ఇద్దరు స్నేహితులకీ ఇచ్చింది. పాత సిమ్‌కి బ్లాకులు తీసేసి ఒక డబ్బా ఫోన్లో వేసి నా బీరువాలో పెట్టాం. వాడికి అది మూగ నంబరు, మనకి సాక్ష్యం. దాన్ని చూసే పని నాది. రోజుకొకసారి తీసి చూసి రాసిపెట్టేదాన్ని. మా పీజీ పాల లెక్కల పుస్తకంలోనే రాశాను. ‘పాలు 38 ప్యాకెట్లు. గ్యాస్ బండ 2. రాత్రి 11.20కి 14 కాల్స్. 11.45కి గేటు ఎదురుగా బండి, ఇస్త్రీ ఆయన చూశాడు.’ అలా మూడు నెలలు. ఆ పుస్తకం ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఉంది.

పోలీసుల దగ్గరికి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ అబ్బాయిని పిలిపించి, మందలించి, ఇంక జోలికి పోనని ముచ్చళిక (హామీపత్రం) రాయించుకుని పంపేశారు. ‘ఇద్దరూ మీ ఆంధ్రావాళ్లే కదా, మీలో మీరు మాట్లాడుకోండి’ అన్నారు. పది రోజులు వాడు కనిపించలేదు. పదకొండో రోజు వచ్చాడు. రెండోసారి వెళ్లినప్పుడు మేం ఊరికే వెళ్లలేదు. ఆ అమ్మాయితో పనిచేసే కన్నడ అమ్మాయి ఒకరు ఫిర్యాదు చక్కగా రాసిచ్చింది. స్క్రీన్‌షాట్లు వరుసగా ప్రింటు తీసి, కెమెరా ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో వేసి, చేతి మీద దెబ్బలకు డాక్టర్ రాసిన చీటీ జతచేసి తీసుకెళ్లాం. ఆ రోజు ఎఫ్‌ఐఆర్ అయింది.

చట్టం గురించి ఆ తిరుగుళ్లలో నేర్చుకున్నది మీ పాఠకులకు చెప్పాలి. ఢిల్లీలో 2012 డిసెంబర్ ఘోరం తర్వాత, 2013లో, వెంటపడి వేధించడాన్ని విడిగా నేరం చేశారు. అప్పట్లో అది భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 354డి సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. ఇష్టం లేదని ఆడమనిషి స్పష్టంగా చూపించాక కూడా మగవాడు పదే పదే వెంటపడినా, మాట కలపడానికి చూసినా, ఆమె ఇంటర్నెట్టూ ఈమెయిలూ ఎలా వాడుతోందో కనిపెడుతున్నా నేరమే. కొట్టేదాకా ఆగక్కర్లేదు. ఒకప్పుడు ప్రేమించుకున్నారా లేదా అన్నది చట్టం అడగదు. మొదటిసారికి 3 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా జైలు. ‘స్పష్టంగా’ అన్నది ముఖ్యం. అందుకే ఒకే ఒక్క మెసేజ్ పంపాలి: ‘నాకు నీతో మాట్లాడటం ఇష్టం లేదు. ఫోన్ చేయొద్దు, రావొద్దు.’ కారణాలు రాయకూడదు. కారణం రాస్తే దానికి వాడు సమాధానం రాస్తాడు. ఆ మెసేజ్ తర్వాత ఇంక పలకకూడదు.

స్టేషన్లో ‘ఇది మా హద్దు కాదు’ అంటే వెనక్కి రానక్కర్లేదు. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. భర్త దగ్గర్నుంచి బయటికి వచ్చేసినవాళ్లకీ, కలిసి కాపురం చేసి విడిపోయినవాళ్లకీ 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు దొరుకుతుంది. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా.

ఒక్కటి మాత్రం మాకెవరూ ముందు చెప్పలేదు. ఈ 78వ సెక్షన్ మొదటిసారికి బెయిల్ వచ్చే నేరం. పొద్దున కేసు పెడితే సాయంత్రానికి వాడు బయట ఉండొచ్చు. పైగా అప్పుడు కోపంతో ఉంటాడు. కేసు పెట్టొద్దని నేను చెప్పడం లేదు. పెట్టాలి. పెట్టే రోజు రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఆఫీసుకి ఎవరితో వెళ్తుంది అన్నది ముందే అనుకుని పెట్టాలి. మేం ఎఫ్‌ఐఆర్ అయిన రోజే ఆ అమ్మాయిని వేరే చోటికి పంపేశాం. సామాను ఒకేసారి తీయలేదు. అంతకు ముందు వారం రోజులపాటు రోజూ ఆఫీసు బ్యాగులో రెండు జతల బట్టలు తీసుకెళ్లింది. వాడి ఫోటో ఆఫీసు సెక్యూరిటీకి ఇచ్చింది. క్యాబ్ ఎక్కేది ఎప్పుడూ ఒకే గేటు దగ్గర కాకుండా చూసుకుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటారేమో. 2024 జులై 23 రాత్రి కోరమంగళలో ఒక పీజీలోకి ఒకడు దర్జాగా నడిచి వెళ్లి, మూడో అంతస్తులో 24 ఏళ్ల అమ్మాయిని గొంతు కోసి చంపాడు. వాడితో స్నేహం తెంచుకోవాలనుకున్నది ఆ అమ్మాయి కాదు, ఆమె స్నేహితురాలు. ఈ పిల్ల చేసిన నేరమల్లా ఆ స్నేహితురాలికి అండగా నిలబడి, వేరే చోటికి మారడానికి సాయం చేయడం. ఆ వార్త వచ్చిన రోజు మా 42 మందిలో ఎవరూ సరిగా తినలేదు. ఆ తర్వాత అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు కొత్త నిబంధనలు తెచ్చింది, కెమెరాలు ఉండాలి, కాపలా మనిషి ఉండాలి అని. కెమెరా మా దగ్గర అంతకు ముందే ఉంది. నేను చేసిన తప్పు కెమెరా ఆపగలిగే తప్పు కాదు. అదే ఏడాది మే 15న హుబ్బళ్లిలో తెల్లవారుజామున ఇంట్లో పడుకున్న అమ్మాయిని పొడిచి చంపారు. ముందే వెళ్లి చెప్పుకున్నా పట్టించుకోలేదని అక్కడ పోలీసులను సస్పెండ్ చేశారు కూడా. గుంటూరులో 2021 ఆగస్టు 15న నడిరోడ్డు మీద ఇంజినీరింగ్ చదివే బిడ్డ పోయింది. అప్పుడూ పేపర్లలో ఇదే మాట చదివాను, ప్రేమోన్మాది అని.

మా గేటు దగ్గర నేను మార్చినవి సాటి పీజీవాళ్ల కోసం రాస్తున్నాను. మారతహళ్లి, మున్నేకొళాల సందుల్లో ఎంతోమంది మన జిల్లాలవాళ్లే పీజీలు నడుపుతున్నారు, ఈ పేపరే చదువుతారు. పేర్లు, రూమ్ నంబర్లు రాసే రిజిస్టర్ గేటు దగ్గర బల్ల మీద తెరిచి పెట్టేదాన్ని. ఎవరైనా తలవంచి చూస్తే చాలు. ఇప్పుడది నా గదిలో ఉంటుంది. ఇంకొకటి, పార్సిళ్లు. సాయంత్రానికి గేటు పక్కన గుట్టగా పడి ఉంటాయి, ఒక్కోదాని మీద అమ్మాయి పేరు, ఫోన్ నంబరు పూర్తిగా. ఇన్నేళ్లలో అది నా కంటికి ఆనలేదు. ఇప్పుడు అన్నీ లోపలి అల్మరాలో పెడుతున్నాం. ఎవరొచ్చి ఏ పేరు అడిగినా, అమ్మ అన్నా అన్న అన్నా, ‘ఆ పేరుతో ఇక్కడ ఉన్నారో లేదో మేం చెప్పం. మీ నంబరు ఇచ్చి వెళ్లండి’ అంటాం. నిజంగా అన్నయ్య వచ్చినప్పుడు కోపం తెచ్చుకున్నాడు. తర్వాత వాళ్ల చెల్లెలే నచ్చజెప్పుకుంది. గేటు లోపలి వైపు 112 అని పెద్దక్షరాలతో రాయించాను. ఫోన్ చేస్తే హొయ్సళ బండి, అంటే పోలీసుల గస్తీ బండి వస్తుంది. ఆడవాళ్ల హెల్ప్‌లైన్లు 181, 1091 కూడా రాయించాను.

ఆ పిల్ల తల్లి సంగతి కూడా చెప్పాలి. కేసు అనగానే ఫోన్లో నన్నే బతిమాలింది. ‘వదినా, మీరైనా చెప్పండి, కేసు అంటే పరువు పోతుంది. రేపు సంబంధాలు ఎలా వస్తాయి? వాళ్ల పెద్దవాళ్లతో మేం మాట్లాడతాం’ అంది. వెళ్లి మాట్లాడారు కూడా. అబ్బాయి తండ్రి ఏమన్నాడో తెలుసా? ‘మావాడు పిచ్చిగా ప్రేమించాడండీ, ఏం చేయమంటారు? పోనీ పెళ్లి చేసేద్దాం’ అన్నాడట. మణికట్టు మీద నీలం మచ్చలు పెట్టినవాడికే పిల్లనివ్వమని. అప్పుడు ఆ పిల్ల తండ్రి రాత్రి బస్సెక్కి వచ్చాడు. పొద్దున ఆరింటికి మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, కాఫీ గ్లాసు చేతిలో చల్లారిపోతుంటే, కెమెరాలో ఆ 9 నిమిషాలూ చూశాడు. చూసి లేచి, ‘పదండమ్మా స్టేషన్‌కి’ అన్నాడు. ఆ మనిషికి నేను రెండు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆయన ఒక్కమాట కూడా కూతుర్ని తప్పు పట్టలేదు. ‘వాడితో ఎందుకు తిరిగావు’ అని అడిగి ఉంటే ఆ పిల్ల ఇంక ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఇంట్లో తిడతారన్న భయంతోనే పిల్లలు నెలల తరబడి దాచిపెడతారు, వాడికి కావాల్సిందీ అదే.

మగపిల్లలకు కూడా ఒక మాట. ఆ పిల్ల కొత్త నంబరును ఆ అబ్బాయికి చేరవేసింది ఎవరో కాదు, ఇద్దరికీ కామన్ ఫ్రెండ్. ‘పాపం డల్‌గా ఉన్నాడు’ అని ఇచ్చాడట. నేను రూమ్ నంబరు చెప్పినట్టే. కానీ వాడి రూమ్‌మేట్ ఒకడు వేరుగా చేశాడు. ఎఫ్‌ఐఆర్ అయిన వారానికి, రాత్రి పదిన్నరకి నాకు ఫోన్ చేసి, ‘ఆంటీ, మీరెవరో నాకు తెలియదు. వాడు తాగి బండి తీశాడు, మీ వైపే వస్తున్నాడు. గేటు తియ్యకండి’ అన్నాడు. వెంటనే 112కి చేశాం. వాడు వచ్చేసరికి హొయ్సళ బండి మా సందులో ఉంది. అప్పటికే ఆ అమ్మాయి అక్కడ లేదు, వాడికది తెలియదు. ఆ రూమ్‌మేట్ మొహం నేనింతవరకూ చూడలేదు.

అయ్యా, ఇప్పుడు మీ మాట దగ్గరికి వస్తాను. నేను గేటు తీసి ‘పాపం’ అన్నదీ, ఆ ఫ్రెండ్ నంబరు ఇచ్చిందీ, ఆ తండ్రి ‘పిచ్చిగా ప్రేమించాడు’ అన్నదీ, మీరు ‘ప్రేమోన్మాది’ అని రాసేదీ, అన్నీ ఒకే చోట నుంచి పుట్టాయి. అందరం అది ప్రేమే అనుకుంటున్నాం, కాస్త ఎక్కువైన ప్రేమ. ప్రేమ అనుకున్నాం కాబట్టి జాలి వస్తుంది, జాలి వచ్చింది కాబట్టి ఆ పిల్లని కిందికి దిగమంటాం. అది ఉన్మాదం కూడా కాదు. బస్సు టికెట్ మెసేజ్ చూసి అరగంట ముందే స్టాప్‌లో కూర్చునేవాడికి, నా ముందు ఏడ్చి ఆ పిల్ల ముందు ఫోన్ పగలగొట్టేవాడికి మతి చలించిందని ఎలా అంటాం? ఎక్కడ ఏం చేయాలో వాడికి బాగా తెలుసు. ‘వేధించి చంపాడు’ అని రాయండి. ‘వెంటపడి వేధిస్తున్న యువకుడు’ అని రాయండి. ‘ప్రేమ నిరాకరించిందని’ అని హెడ్డింగు పెడితే నిరాకరించడమే కారణం అన్నట్టు ఉంటుంది. మా పిల్లలు ఆ హెడ్డింగులు చదివి, ‘నో చెబితే ఏమవుతుందో’ అని భయపడి నో చెప్పడం మానేస్తున్నారు. నా కళ్లతో చూశాను.

ఇంకో విన్నపం. ఆత్మహత్య వార్త కింద హెల్ప్‌లైన్ నంబరు వేస్తున్నారు కదా. ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ కింద రెండు లైన్లలో 112, 181 వేయండి. 78వ సెక్షన్ అని ఒకటి ఉందని వేయండి. ఆ రెండు లైన్లకి ఎంత చోటు పడుతుంది?

కేసు ఇంకా నడుస్తోంది. వాడు బెయిల్ మీద ఉన్నాడు. వాయిదా రోజున నేను కూడా వెళ్తున్నాను, సాక్షిని. ఆ అమ్మాయి ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. మొన్న మాట్లాడుతూ జడ వేసుకుంటుంటే చేతి వైపు చూశాను, మచ్చ ఏమీ లేదు. ‘ఏం చూస్తున్నారు ఆంటీ’ అంది. ఏం లేదులే అన్నాను. మా వాచ్‌మన్ మారినప్పుడల్లా కొత్తవాడికి ముందు వాడి ఫోటో చూపిస్తాను, తర్వాతే మోటారు స్విచ్ ఎక్కడుందో చెబుతాను.

నా పేరు, మా పీజీ పేరు ప్రచురించవద్దని మనవి. ఆ అమ్మాయి ఒకప్పుడు ఎక్కడుండేదో వాడికి తెలుసు. ఇప్పుడు ఎక్కడుందో తెలియకూడదు.

ఇట్లు,
ఒక పీజీ నిర్వాహకురాలు,
బెంగళూరు